తోడల్లుడి కరెంటు బిల్లు

కరెంటు బిల్లు వచ్చిన రోజు ఆ ఇంట్లో ఒక్క చిన్నల్లుడికే ఆకలి బాగా వేసేది.

ఇల్లు అత్తగారిది. కింద ముందుగదిలో ఆవిడ, వెనక వాటాలో చిన్నకూతురూ చిన్నల్లుడూ ఉంటారు. పైవాటాలో పెద్దకూతురు, ఆమె భర్త టైలరు, వాళ్ళకో కూతురు. మెట్ల కింద గోడకి మూడు మీటర్లు. రెండు వాటాలకీ చెరొకటి, ముందుగదికీ నీళ్ళ మోటారుకీ కలిపి అత్తగారిది మూడోది. రీడింగు తీసే మనిషి వచ్చి మూడు కాగితాలూ చింపి ఆవిడ చేతిలోనే పెట్టి పోతాడు. ఆవిడ కళ్ళజోడు తగిలించుకుని, కూతుళ్ళ బిల్లులు రెండూ పక్కపక్కన పట్టుకుని, పెళ్ళిచూపులకి వచ్చిన ఫొటోలు చూసినట్టు తీరిగ్గా చూస్తుంది. తర్వాత పైకి కేకేస్తుంది.

"పెద్దమ్మాయ్, మీది మళ్ళీ ఎక్కువే వచ్చిందే. కిందవాళ్ళది చూడు, ముచ్చటేస్తోంది."

కరెంటు బిల్లు చూసి ముచ్చటపడే మనిషిని టైలరు తన యాభై ఏళ్ళ బతుకులో అత్తగారినొక్కర్తినే చూశాడు.

చిన్నల్లుడు ఒక గోదాము ఆఫీసులో గుమాస్తా. మనిషి మెత్తన, మాట మెత్తన. కుర్చీలోంచి లేవాలనుకుంటే ముందు ఫ్యాను ఆపి తర్వాత లేస్తాడు. ఫ్రిజ్జు తలుపు తీసేముందు ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, లోపల ఏది ఎక్కడుందో గుర్తు తెచ్చుకుని, అప్పుడు తీసి టక్కున మూసేస్తాడు. టైలరు కూతురు అతనికి 'మీటరు బాబాయి' అని పేరు పెట్టింది. వెక్కిరింపుగా పెట్టిన పేరే గానీ, అతను దాన్ని బిరుదులా తీసుకున్నాడు. అదీ టైలరుకి మంటే. తనకి ఎవరూ ఏ పేరూ పెట్టలేదు. వీధి చివర దుకాణం, ఆ దుకాణంలో మిషను, మెడలో టేపు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆ ఇంట్లో అతనికి దక్కిన గౌరవం ఒక్కటే, మోటారు గది తాళం.

ఆ తాళంచెవి మామగారు బతికుండగా స్వయంగా అతని చేతిలో పెట్టారు. పొద్దున్నే మోటారు వెయ్యడం, ట్యాంకు నిండగానే ఆపడం, ఎండాకాలం నీళ్ళు తగ్గితే ఎవరు ఎప్పుడు బట్టలు ఉతుక్కోవాలో చెప్పడం అన్నీ అతనివే. "అల్లుడుగారూ, నీళ్ళు" అని అత్తగారు కింది నుంచి పిలిస్తే, నోట్లో బ్రష్షుతోనే హుందాగా మెట్లు దిగేవాడు. దుకాణంలో కొలతలు తీసుకునేటప్పుడు కూడా ఆ చెవి జేబులో తగులుతూ ఉంటే అదో ధైర్యం.

ఒక ఆదివారం టీ తాగుతూ చిన్నల్లుడు మెత్తగా అన్నాడు.

"అత్తయ్యగారూ, నేను తప్పుగా అనట్లేదు గానీ, మోటారు అవసరానికన్నా కాస్త ఎక్కువ సేపు నడుస్తోందేమో. పాపం మీ బిల్లు కదా."

"నాకూ అదే అనుమానం నాయనా," అంది అత్తగారు.

"ట్యాంకు నిండాలా వద్దా?" అన్నాడు టైలరు.

"నిండాలన్నయ్యా. పొర్లకూడదు."

అత్తగారు కప్పు కింద పెట్టి పెద్దల్లుడి వైపు చూసింది. "సొంత బిల్లే అదుపులో పెట్టుకోలేనివాళ్ళకి మోటారు ఎలా తెలుస్తుంది లెండి. ఒక పని చేద్దాం. ఈసారి బిల్లు రానీండి. మీ ఇద్దరిలో ఎవరిది తక్కువొస్తే మోటారు తాళం వాళ్ళ దగ్గర ఉంటుంది. నాకు ఇద్దరూ సమానమే."

సమానమే అంటూనే చిన్నల్లుడి కప్పులో ఇంకాస్త టీ పోసింది.

టైలరు భార్య వైపు చూశాడు, ఒక్క మాటైనా అంటుందని. ఆమె కప్పులు తీస్తూ, "అమ్మ అన్నదాంట్లో తప్పేముంది? మరిదిగారిని చూడండి, ఎంత ఒద్దికగా ఉంటారో," అంది.

మరిదిగారు. ఆ మాట ఆమె నోట్లో ఎంత తియ్యగా పలికిందో. 'ఏవండీ' అని తనని పిలిచేటప్పుడు ఆ తీపి ఎప్పుడు తగ్గిందో అతనికి గుర్తు రాలేదు. అసలు తాళం పోతే పోయింది, పాత ఇనుప ముక్క. ఈవిడ కళ్ళల్లో నేనేమైపోతాను, అదీ అతని బాధ. పడుకున్నాక కూడా 'ఒద్దికగా' అన్న మాట చెవిలో దోమలా తిరుగుతూనే ఉంది.

మర్నాటి నుంచి పైవాటాలో పొదుపు మొదలైంది. మొదలైందనడం చిన్నమాట, విరుచుకుపడింది.

గదుల్లో పాత బల్బులన్నీ పోయి ఎల్‌ఈడీలు వచ్చాయి. గోడకి ఆనించి ఉన్న ఫ్రిజ్జుని, వెనక వేడి పోవాలని, నలుగురూ నడిచే దారిలోకి జరిపాడు. దానికి భార్య ఒకసారి, కూతురు రెండుసార్లు కాలి వేలు కొట్టుకున్నారు. టీవీ రిమోటుతో ఆపితే చాలదు, గోడ దగ్గర స్విచ్చి కూడా ఆపాలి. ఫోను చార్జింగు నిండాక ప్లగ్గులో వదిలేస్తే ఇంట్లో దొంగని పడుకోబెట్టినట్టే. సాయంత్రాలు ఇంటికి తెచ్చుకుని కుట్టే పని కోసం ఉన్న మిషనుకి మోటారు ఊడదీసేసి మళ్ళీ కాలితో తొక్కడం మొదలుపెట్టాడు. రెండు వారాలకి మోకాళ్ళు పట్టేశాయి. కుంటుతూనే దీపాలు ఆర్పేవాడు.

"నాన్నా, నేను చదువుకుంటున్నా," అని కూతురు చీకట్లోంచి అరిచేది.

"పుస్తకం పట్టుకుని హాల్లోకి రా. ఒక దీపం కింద ముగ్గురం కూర్చోవచ్చు."

"ముగ్గురం ఒకే కళ్ళజోడు కూడా పెట్టుకుందామా?"

వీటన్నిటికన్నా అసలైన కరెంటు తాగేవి మూడున్నాయని ఎవరో చెప్పగా విన్నాడు. గీజరు, బట్టల మిషను, ఇస్త్రీ పెట్టె. దుకాణం ఇరుకు కాబట్టి కుట్టిన బట్టల ఇస్త్రీ అంతా ఇంట్లోనే జరుగుతుంది. టైలరు తీరిక సమయం చూసుకుని భార్యని కూర్చోబెట్టి బోధించాడు.

"ఇస్త్రీ పెట్టె వేడెక్కడానికే సగం కరెంటు పోతుంది. ఒక్క చొక్కా కోసం ప్లగ్గు పెట్టడం పాపం. ఒకసారి వేడెక్కిందా, బట్టలన్నీ అయిపోయేదాకా దింపకూడదు. గీజరూ అంతే. నీళ్ళు కాగాక చల్లారనివ్వకూడదు, వెంటవెంటనే వాడెయ్యాలి. బట్టల మిషను సగం లోడు వేస్తే కరెంటుని కాలవలో పోసినట్టే. డ్రమ్ము నిండాకే బటను నొక్కాలి."

"మన ముగ్గురి బట్టలకి రోజూ నిండదుగా?"

"నిండేదాకా ఆగు."

"తడి తువ్వాళ్ళు వాసనొస్తాయండీ."

"అయితే ఎక్కడినుంచైనా తెచ్చి నింపు. సగం మాత్రం వెయ్యకు."

ఆమె అతని మొహంలోకి కాసేపు చూసి, "అలాగే," అంది. ఇంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు అతనికి ఆశ్చర్యం వేసింది. నా మాటకీ ఈ ఇంట్లో విలువుంది అనుకుని పొంగిపోయాడు.

రోజూ దుకాణానికి వెళ్ళేముందు మెట్ల కింద ఆగి మీటరు చూసుకోవడం అలవాటు చేసుకున్నాడు. ఇంత చేస్తున్నా తన మీటరు మీద ఎర్రదీపం పరుగెత్తి వచ్చినవాడి గుండెలా కొట్టుకుంటూనే ఉంది. పక్కన తోడల్లుడి మీటరు, తిన్నది అరిగాక కునుకు తీసే పిల్లిలా ఎప్పుడో ఒకసారి కన్ను తెరిచి మళ్ళీ మూసుకుంటోంది. పోయిన నెల ఇంత బద్ధకంగా లేదే అది. తను పొదుపు మొదలుపెట్టిన దగ్గర్నుంచీ అవతలివాడి మీటరు నెమ్మదించడమేంటి? కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టుంది వ్యవహారం.

అలా వంగి చూస్తుండగా వెనక నుంచి మెత్తటి గొంతు వినిపించింది.

"ఏంటన్నయ్యా, మీటరు చెవిలో ఏదో చెప్తున్నారు?"

టైలరు నడుం పట్టుకుని లేచాడు. "ఏం లేదు తమ్ముడూ. దుమ్ము పట్టింది, దులుపుతున్నా."

"ఆ చేత్తోనే మాదీ దులిపి పెట్టండి. కదలక కదలక తుప్పు పట్టేలా ఉంది." చిన్నల్లుడు నవ్వాడు. వెక్కిరించినట్టు కాదు, జాలి పడ్డట్టు. అది ఇంకా ఘోరం. "క్రమశిక్షణన్నయ్యా, అంతే. ఖర్చు మీటర్లో ఉండదు, మన వేళ్ళల్లో ఉంటుంది."

టైలరు ఆ రోజంతా దుకాణంలో తన వేళ్ళు చూసుకుంటూ కూర్చున్నాడు. ఒక జాకెట్టుకి చెయ్యి తిరగేసి కుట్టాడు కూడా.

బిల్లు రోజు దగ్గరపడింది. ఒక పొద్దున చిన్నల్లుడు ఆఫీసుకి వెళ్తూ దుకాణం ముందు ఆగాడు. మణికట్టు దగ్గర గుండీ వేలాడుతోంది.

"అన్నయ్యా, కాస్త రెండు పోగులు వేసి పెడతారా? విప్పక్కర్లేదు, వేసుకునే ఉంటా."

టైలరు సూదిలో దారమెక్కించి అతని చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు అలాగే ఉండిపోయాడు.

చొక్కా చేతికి మడత లేదు. మామూలుగా ఎవరింట్లో ఇస్త్రీ చేసినా భుజం నుంచి మణికట్టు దాకా కత్తిలా ఒక గీత పడుతుంది. ఆ గీత పడకూడదంటే చేతిలోపల సన్నటి చెక్క దూర్చి, దాని చుట్టూ తిప్పుతూ నొక్కాలి. అలాంటి చెక్క ఈ చుట్టుపక్కల ఒక్కటే ఉంది. అతను స్వయంగా చిత్రిక పట్టి, గుడ్డ చుట్టి, భార్యకి ఇచ్చాడు. కాలరు చూశాడు. రెండు కొసల నుంచి మధ్యకి నొక్కి ఉంది, ఎక్కడా ముడత లేదు. అది కూడా అతను నేర్పిందే. మరొకళ్ళకి నేర్పలేదు.

"ఇస్త్రీ బాగుంది," అన్నాడు. "ఎవరు చేస్తారు?"

"ఇంకెవరు, మీ మరదలే. ఇస్త్రీ పెట్టె ముట్టుకోదన్నయ్యా. తడి ఆరీ ఆరకముందే మడతపెట్టి పరుపు కింద పెట్టేస్తుంది. పొద్దున్నకి ఇదిగో, ఇలా వస్తుంది. పైసా కరెంటు ఖర్చు లేదు." చొక్కా ముందుభాగం చేత్తో నిమురుకున్నాడు. "నేనే చెప్పాను ఆ చిట్కా."

గుండీ కుట్టేటప్పుడు సూది టైలరు వేలికే గుచ్చుకుంది.

అతను అటు వెళ్ళగానే టైలరు దుకాణం షట్టరు సగం దించాడు. మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ దించాడు. నా భార్య చేతి ఇస్త్రీ వాడి ఒంటిమీద ఎందుకుంది? మరిదిగారు ఒద్దికగా ఉంటారట. ఒద్దికగా ఉండక ఏం చేస్తాడు, కాలరు అంత నున్నగా నొక్కి పెడుతుంటే? నాకు మాత్రం పోయిన వారం ఒక జేబు నలిగే ఉంది. వయసుకి తగని ఆలోచనలని తెలుసు. తెలిసినంత మాత్రాన ఆగే ఆలోచనలు కావవి. షట్టరు పూర్తిగా దించి ఇంటిదారి పట్టాడు.

మెట్ల కింద అతని మీటరు దీపం గుక్కతిప్పుకోకుండా కొట్టుకుంటోంది. ఈ వేళప్పుడు ఇంట్లో ఫ్రిజ్జు తప్ప ఏదీ నడవకూడదు. చెప్పులు చేత్తో పట్టుకుని పైకెక్కాడు. తలుపు ఓరగా ఉంది. బట్టల మిషను గిరగిరా తిరుగుతున్న చప్పుడు. దాని మీదుగా ఆడవాళ్ళ మాటలు వినపడ్డాయి.

ఇస్త్రీ బల్ల దగ్గర మరదలు నిలబడి చొక్కా చేతిలో చెక్క దూరుస్తోంది. పక్కనే స్టూలు మీద అతని భార్య కూర్చుని కాలరు ఎటునుంచి నొక్కాలో చూపిస్తోంది. అతని గుండెల మీద నుంచి ఒక బరువు దిగింది. దిగినంత సేపు పట్టలేదు, ఇంకొకటి ఎక్కడానికి.

"ఇక చాలక్కా. ఈ రెండూ రేపు చూద్దాం. పాపం బావ మోకాళ్ళు వాచేలా తొక్కుతుంటే..."

"వేడిగానే ఉందిగా, తే. మీ బావే చెప్పారు, వేడెక్కాక దింపడం పాపమని. డ్రమ్ము నిండకపోతే ఎక్కడినుంచైనా తెచ్చి నింపమని కూడా ఆయనే అన్నారు. నిన్ను మించిన ఎక్కడినుంచైనా నాకెక్కడ దొరుకుతుందే?"

ఇద్దరూ నవ్వారు. నవ్వంటే మామూలు నవ్వు కాదు, ఒకళ్ళ భుజం మీద ఒకళ్ళు వాలిపోయే నవ్వు. అతని భార్య ముక్కుతో కూడా నవ్వింది. అలా నవ్వగలదని అతనికి తెలియదు.

"కానీ అక్కా, అమ్మ బావని మాటలంటోంది."

"అననీ. మీ బావకి నాలుగు మాటలు పడితే సాయంత్రానికి అరిగిపోతాయి. మీ ఆయనకి బిల్లు పెరిగితే నెలంతా అరగదు."

"తిట్టరక్కా ఆయన. తిడితే బాగుండును, నేనూ రెండు తిట్టి ఊరుకుందును. ఫ్యాను ఆపేసి, అట్టముక్కతో విసురుకుంటూ నా ఎదురుగా కూర్చుంటారు. వెయ్యనా అంటే 'నాకెందుకులే, మీరు వాడుకోండి' అంటారు. పోయినసారి బిల్లు కాస్త పెరిగిందని చీకట్లో కూర్చుని భోంచేశారు. కూర అనుకుని పచ్చడి మొత్తం కలిపేసుకుని, కళ్ళనీళ్ళు కారుతున్నా నోరు మెదపలేదు. నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు."

మళ్ళీ నవ్వారు. ఈసారి మరదలు నవ్వు చివర కొంచెం వణికింది. అక్క ఆమె వీపు మీద చెయ్యి వేసింది.

టైలరు చప్పుడు కాకుండా మెట్లు దిగి దుకాణానికి వచ్చేశాడు.

పొద్దున్నంతా కిందవాటాలో ఉన్న అసూయ ఇప్పుడు పైవాటాలోకి కాపురం మార్చింది. తోడల్లుడిది ఉత్త గాలి గొప్ప అని తేలిపోయింది, బాగానే ఉంది. మరి నా సంగతేంటి? వాడి బిల్లు తగ్గించడానికి నా మీటరు పరుగెత్తాలి. మా ఆవిడ ప్రేమంతా చెల్లెలికి, మాటలన్నీ నాకు. పైగా నాకు అరిగిపోతాయట. అరుగుతాయో లేదో చూపిస్తాను. బిల్లు రోజు అందరి ముందూ చెప్పేస్తాను. ఆ చొక్కా చేతికి గీత ఎందుకు లేదో చెప్పమంటాను. తాళం నాది నాకు ఉంటుంది.

చెప్పాల్సిన మాటల్ని గుడ్డ కత్తిరించినంత జాగ్రత్తగా తయారుచేసుకున్నాడు. బిల్లు వచ్చేదాకా నాలుగు రోజులూ ఇంట్లో నోరెత్తలేదు. "ఏవండీ, అలా ఉన్నారేం?" అని భార్య అడిగితే, "పొదుపు," అన్నాడు.

బిల్లు వచ్చిన సాయంత్రం అత్తగారు అందర్నీ ముందుగదిలోకి పిలిచింది. బల్ల మీద రెండు కాగితాలు. చూడక్కర్లేకుండానే తెలుస్తోంది, చిన్నల్లుడి నడక చూస్తే చాలు. కిందవాళ్ళది ఎప్పుడూ లేనంత తగ్గింది. పైవాళ్ళది, ఎల్‌ఈడీలు పెట్టీ, మోకాళ్ళు అరగదీసుకునీ, పోయిన నెలకన్నా ఒక పిసరు పెరిగింది.

"ఏం చేశావు నాయనా?" అంది అత్తగారు ముద్దుగా.

"ఏముందత్తయ్యగారూ. అవసరం వేరు, అలవాటు వేరు. ఆ తేడా తెలిస్తే చాలు." చిన్నల్లుడు చేతులు కట్టుకున్నాడు. చొక్కా చేతులకి గీత లేదు. "అన్నయ్యని ఏమీ అనకండి. ఆయన ప్రయత్నం ఆయన చేశారు."

"ప్రయత్నానికి బిల్లు తగ్గుతుందా?" అత్తగారు పెద్దల్లుడి వైపు తిరిగింది. "చెప్తున్నానని ఏమీ అనుకోకండి అల్లుడుగారూ. కొందరికి చేతనవుతుంది, కొందరికి చేతకాదు. మీకు చేతకాదు. తాళం ఇలా ఇవ్వండి."

టైలరు గొంతు సవరించుకున్నాడు. "అత్తయ్యా, ముందు ఒక మాట చెప్పాలి."

మరదలు చేతిలో టీ పళ్ళెం ఉంది. కప్పులు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. ఆమెకి అర్థమైపోయిందో, అలవాటైన భయమో, మొహం మాత్రం పాలిపోయింది. ఆ మొహం చూసినా అతని కోపం తగ్గలేదు. నిజం చెప్పాలంటే కాస్త తృప్తిగా కూడా అనిపించింది. మొదటి మాట నాలుక చివరికి వచ్చింది.

"అమ్మా, ఆగు." అతని భార్య లేచి నిలబడింది. "ఆయన్ని అనకు. ఆ బిల్లు సంగతి నేను చెప్తాను."

టైలరు తల తిప్పి చూశాడు. ఆమె తనవైపు చూడట్లేదు, చెల్లెలివైపూ చూడట్లేదు. రెండు చేతులూ ముందు బిగించి, వాళ్ళమ్మ కళ్ళల్లోకి సూటిగా చూస్తోంది. నా కోసమే లేచింది. ఇన్నాళ్ళూ కుళ్ళుకున్నది దీనికోసమే. ఇంకొక్క ముక్క ఆమె నోట్లోంచి బయటపడితే తాళం దక్కుతుంది, తోడల్లుడి గొప్ప చెదిరిపోతుంది, అన్నీ తనవైపే తిరుగుతాయి.

కిందవాటాలో మాత్రం ఎవరో చీకట్లో అట్టముక్కతో విసురుకుంటూ కూర్చుంటారు. ఎవరూ మళ్ళీ పైకి బట్టల మూట తేరు. స్టూలు మీద కూర్చుని ముక్కుతో నవ్వే మనిషి ఆ నవ్వు ఇక మర్చిపోతుంది. దానికి కారణం నేనని ఎప్పటికీ అనదు, అదే పెద్ద శిక్ష.

"నువ్వు కూర్చో," అన్నాడు భార్యతో. "నేను చెప్తానన్నాగా. అత్తయ్యా, మా బట్టల మిషను పాతదైపోయింది. ఇస్త్రీ పెట్టె సంగతి చెప్పక్కర్లేదు, మా దుకాణం బట్టలు కూడా దానిమీదే అవుతాయి. అవి ఆపితే మాకు జరగదు. మా బిల్లు ఇంతే. ఇంకా పెరిగినా పెరుగుతుంది."

"పెరిగినా పెరుగుతుందని గొప్పగా చెప్తున్నారే," అంది అత్తగారు.

జేబులోంచి తాళంచెవి తీశాడు. ఇవ్వడానికి చెయ్యి సులువుగా రాలేదు. బల్ల మీద పెట్టి, దాని మీద నుంచి వేళ్ళు ఒక్కొక్కటే తీశాడు.

"బాధపడకండన్నయ్యా," అని చిన్నల్లుడు చెవి అందుకున్నాడు. "క్రమశిక్షణ ఉంటే మోటారెంత."

మరదలు టీ కప్పు ముందు బావకే అందించింది. అందులో చక్కెర రెండింతలుంది. టైలరు ఆ టీ చివరి చుక్కదాకా తాగాడు.

పైకి వచ్చాక భార్య ఫ్రిజ్జుని నడుంతో నెట్టి గోడ దగ్గరికి జరిపేసింది. అతను వద్దనలేదు.

"మీకు తెలుసా?" అంది చివరికి.

"తెలుసు."

"ఎవరు చెప్పారు?"

"మీ మరిదిగారి చొక్కా చెప్పింది. ఎంతో ఒద్దికగా చెప్పింది."

ఆమె పెదవి కొరుక్కుంది. "తెలిసీ ఎందుకు ఊరుకున్నారు?"

"ముందు నా మాటకి జవాబు చెప్పు. అక్కడ లేచి ఏం చెప్పబోయావు?"

"ఏమో. నోరు తెరిచాక చూద్దామనుకున్నా."

"చెల్లెల్ని పట్టిచ్చేదానివా?"

"తెలీదండీ. నిజంగా తెలీదు."

అతనికి ఆ జవాబు నచ్చలేదు. ఇచ్చేదాన్ని అని ఒక్క మాట అంటే చాలు, ఈ నెలంతా పడ్డ పాట్లు మర్చిపోయేవాడు. "మరెందుకు లేచావు? జాలి పడ్డావా నన్ను చూసి?"

"జాలెందుకు?" ఆమెకి కోపం వచ్చింది. "అమ్మ మిమ్మల్ని చేతకాదంది. ఆ మాట నేనంటే వేరు. ఇంకొకళ్ళు అనకూడదు."

టైలరు మంచం మీద కూర్చుని మోకాలు రుద్దుకున్నాడు. ఆమె వచ్చి కింద కూర్చుని మందు డబ్బా మూత తీసింది.

"ఇంకోసారి అను," అన్నాడు.

"ఏది? చేతకాదనా?"

"దాని తర్వాతది."

"చాల్లెండి సంబడం." మోకాలికి మందు రాస్తూ తల దించుకుంది. "రేపట్నుంచి చెల్లెల్ని రావద్దంటాలెండి. మీకు కష్టంగా ఉంటే."

అతను చాలాసేపు ఆలోచించాడు. ఆలోచించాడంటే, లోపల ఉన్న కుళ్ళుతో బేరమాడాడు.

"రమ్మను. బట్టలూ తెమ్మను. కానీ ఒక షరతు. ఆ నవ్వేదేదో నేనింట్లో ఉన్నప్పుడు నవ్వండి."

ఆమె తలెత్తి చూసింది. అతను వేళాకోళమాడట్లేదు.

దుకాణానికి సెలవు రోజున, చిన్నల్లుడు ట్యాంకు చూడ్డానికి డాబా ఎక్కగానే, మరదలు మూటతో పైకి వచ్చింది. టైలరు ముందుగానే కుర్చీ వేసుకుని, ఇస్త్రీ బల్లకి ఎదురుగా, సినిమా మొదలవడానికి ముందే సీట్లో కూర్చున్నవాడిలా సిద్ధంగా ఉన్నాడు.

అక్కాచెల్లెళ్ళు పని మొదలుపెట్టారు. ఇస్త్రీ పెట్టె చుయ్‌మంది. చొక్కా తిరగబడింది. ఎవరూ ఏమీ మాట్లాడలేదు.

"ఈ కాలరు సరిగ్గా వచ్చిందా బావా?" అంది మరదలు కాసేపటికి, పరీక్ష రాసే పిల్లలా.

"వచ్చింది."

భార్య ఒకసారి దగ్గింది. ఇంకో చొక్కా తిరగబడింది. అతను నవ్వు మొహం పెట్టి చూశాడు, వాళ్ళకి ఊపు వస్తుందేమోనని. ఆ మొహం చూసి ఇద్దరూ ఇంకా బిగుసుకుపోయారు.

"మీరు మాట్లాడుకోవచ్చు," అన్నాడు.

"ఆఁ, మాట్లాడుకుంటున్నాంగా," అంది భార్య.

ఇంకాసేపు కూర్చుని, లేచాడు. "గాలాడట్లేదు. బయట కూర్చుంటా." ఎవరూ ఉండమనలేదు. తలుపు ఓరగా వేసి మెట్ల మీద కూర్చున్నాడు. తన ఇంటి గుమ్మంలో, తన భార్య నవ్వు కోసం, పరాయివాడిలా. లోపల మరదలు గొంతు తగ్గించి ఏదో అంది. భార్య 'ఉష్' అంది. అంతలోనే పగిలింది నవ్వు. మొదట చెల్లెలిది, ఆ వెనకే ముక్కుతో అక్కది. తన గురించే అయ్యుంటుంది. తను పెట్టిన ఆ మొహం గురించే. అయినా అతను ఇంకో మెట్టు పైకి జరిగి, తలుపు సందుకి చెవి ఆనించాడు.

డాబా మీద నుంచి చిన్నల్లుడు కేకేశాడు. "అన్నయ్యా! ట్యాంకు నిండిందో లేదో ఎలా తెలుస్తుంది? నీళ్ళు నా కాళ్ళ మీదకి వచ్చేస్తున్నాయి!"

"అబ్బా, అరవకు తమ్ముడూ," అన్నాడు టైలరు చెయ్యి ఊపుతూ. "వినపడట్లేదు."

"ఏం వినపడట్లేదు?"

టైలరు తలుపు వైపు తిరిగాడు. లోపల మళ్ళీ మొదలుపెట్టారు.